మామ్మ తాళం, నా వాయిస్ టెస్టు

మా మామ్మకి శృతి అంటే ఏమిటో తెలియదని నేను చాలాకాలం అనుకున్నాను. మామ్మ అంటే నాన్నగారి అమ్మ. చదువు రాదు, సంతకం పెట్టడం కూడా నేనే నేర్పాను. కానీ చర్చిలో అయ్యగారు కీర్తన నంబరు చెప్పగానే, మిగతావాళ్లు పుస్తకంలో పేజీ వెతుక్కునేలోపే పల్లవి ఎత్తుకునేది. నంబరు వినగానే పాట ఎలా గుర్తొచ్చేదో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. పల్లవి, అనుపల్లవి, ఎనిమిదేసి చరణాలు ఉన్నా ఒక్క మాట తప్పేది కాదు.

ఆవిడ లేసు అల్లేది. నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్లకి ఆ పని 19వ శతాబ్దంలో మిషనరీ దొరసానులు నేర్పారని చెబుతారు. మామ్మకి మాత్రం వాళ్లమ్మ నేర్పింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక అరుగు మీద స్తంభానికి ఆనుకుని, దారపుండ దొర్లిపోకుండా కొబ్బరి చిప్పలో పెట్టుకుని, కొస వంగిన సూదితో అల్లుతూ ఉండేది. పాట మనసులోకి రాగానే సూది తీసి కొప్పులో గుచ్చేది. అదే గుర్తు. ఇక తాళం మొదలవుతుందని అర్థం. నేను ఇంట్లో ఏ మూల ఉన్నా వచ్చి పక్కన కూర్చునేదాన్ని.

మామ్మ తాళాలకి పేర్లు పెట్టేది కాదు. ఒక కీర్తనకి "నాలుగు కొట్టు" అనేది. ఇంకో కీర్తనకి "ఒకటి కొట్టి రెండు కొట్టు" అనేది. ఆ రెండోది నాకు ప్రాణం. మోకాలి మీద ఒక దెబ్బ, కాస్త ఆగి గబగబా కాకుండా నింపాదిగా రెండు దెబ్బలు, మళ్లీ ఒకటి. శ్రమల కాలంలో, అంటే గుడ్ ఫ్రైడేకి ముందు నలభై రోజులు, సిలువ గురించి పాడే ఒక పాత కీర్తన ఆ తాళంలోనే ఉండేది. కుంటుతూ నడిచే మనిషి వెనకాల నడిచినట్టు ఉండేది నాకు ఆ పాట. బరువు మోస్తూ నడిచే మనిషి మీద రాసిన పాటకి అదే సరైన నడక అని చిన్నప్పుడే అనిపించేది.

మా ఊరు సఖినేటిపల్లి రేవుకి దగ్గర. ఇప్పుడు కోనసీమ జిల్లా అంటున్నారు గానీ అప్పుడు మాది తూర్పుగోదావరి. వశిష్ఠ గోదావరి దాటితే నరసాపురం, అది పశ్చిమగోదావరి. మా ఊరి చర్చికి పెంకుల కప్పు, లోపల ఒక హార్మోనియం ఉండేవి. 1996 నవంబరు 6న తుఫాను వచ్చిన రాత్రి ఆ రెండూ పోయాయి. కోనసీమ వాళ్లకి ఆ తేదీ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. తెల్లారి లేచి చూస్తే మా తోటలో నిలబడి ఉన్న కొబ్బరి చెట్లని లెక్కపెట్టడానికి రెండు చేతుల వేళ్లు చాలాయి. హార్మోనియం చర్చి వెనక బురదలో దొరికింది. తిత్తి చిరిగిపోయింది, రీడ్లలోకి ఉప్పునీళ్లు చేరాయి. సంఘస్తులు పోగుచేసిన డబ్బు కప్పుకే సరిపోలేదు, ఇక హార్మోనియం మాట ఎవరు ఎత్తుతారు? ఆ తర్వాత మూడేళ్లు మా చర్చిలో వాయిద్యమంటే మామ్మ చేతులే.

1999లో నేను ఇంటర్ మొదటి సంవత్సరం. రోజూ పంటు మీద గోదావరి దాటి నరసాపురం కాలేజీకి వెళ్లేదాన్ని. సైకిళ్లు, స్కూటర్లు, పాల క్యాన్లు, అప్పుడప్పుడు ఒక గేదె, అందరం కలిసి మాధవాయిపాలెం రేవులో దిగేవాళ్లం. అక్టోబరులో ఒకరోజు మా క్లాసు అమ్మాయి ఒకతె చెప్పింది, వాళ్ల చర్చిలో కొత్తగా క్వయిర్, అంటే కలిసి పాడే బృందం, తయారుచేస్తున్నారనీ, క్రిస్మస్‌కి చుట్టుపక్కల సంఘాల పిల్లల్ని కూడా కలుపుకుంటారనీ, శనివారం వాయిస్ టెస్టు ఉందనీ. ఆడిషన్ అనే మాట అప్పటికి మా దాకా రాలేదు. వాయిస్ టెస్టు అనే అనేవాళ్లం. ఆ మాట వినగానే డాక్టరు నోరు తెరిచి చూస్తాడేమో అన్నంత టెన్షన్ పట్టుకుంది.

నరసాపురం చర్చిల్లో పాటకి పెద్ద చరిత్ర ఉంది. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు తర్వాత నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లోనే స్థిరపడి పనిచేశారు. వాళ్ల తరం వాళ్లతో ఇంగ్లీషు పాటలు వచ్చాయి. మాటలు తెలుగులోకి మారినా రాగాలు అక్కడివే. ఇంకోపక్క అదే శతాబ్దంలో మన కవులు మన రాగాల్లో, మన తాళాల్లో కీర్తనలు కట్టారు. కీర్తనల పుస్తకం తెరిస్తే పాట నెత్తిన ఆనందభైరవి అనో, కాంభోజి అనో, పక్కన ఆది అనో, చాపు అనో అచ్చువేసి ఉంటుంది. చాలామంది ఆ లైను వదిలేసి నేరుగా పల్లవిలోకి వెళ్లిపోతారు. నేనూ అంతే. ఆ లైను మీదికి నా కన్ను వెళ్లింది ఈ వాయిస్ టెస్టు తర్వాతే.

శనివారం సాయంత్రం వెళ్లాను. పది పదిహేనుమంది ఉన్నారు. క్వయిర్ మాస్టారు పోస్టాఫీసులో పనిచేసేవారు. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, ముందు ఒక పాత హార్మోనియం. ఆయన పక్కన స్టాండు మీద కొత్త కీబోర్డు. కువైట్‌లో ఇంటి పనికి వెళ్లిన ఒక అక్క తన మొదటి ఏడాది జీతంలోంచి పంపిన కానుకతో కొన్నారట. మా గోదావరి వైపు ఎన్ని చర్చిల్లో మైకులు, ఫ్యాన్లు, బల్లలు అలా గల్ఫ్‌లో ఎవరో అక్క కష్టం మీద వచ్చాయో లెక్క లేదు. ఆ కీబోర్డు మీద ఎర్ర వెల్వెట్ గుడ్డ కప్పి ఉంచేవారు. వాయించే అబ్బాయి ఆ గుడ్డని ఎంత భద్రంగా మడతపెట్టాడో నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టు ఉంది.

టెస్టు ఎలా చేశారో చెబుతాను, ఎందుకంటే ఈ పద్ధతి ఇప్పుడు నేను కూడా వాడుతున్నాను. ముందు హార్మోనియం మీద ఒక మెట్టు నొక్కి "అ" అనమన్నారు. అది కలిస్తే ఒక్కో మెట్టు పైకి, గొంతు బిగుసుకునేదాకా. తర్వాత కిందికి, గాలి తప్ప శబ్దం రానంతవరకు. అలా ఒక్కొక్కరి గొంతు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉందో పొడవాటి నోట్‌బుక్కులో రాసుకున్నారు. ఆ తర్వాత నాలుగు స్వరాలు వాయించి, విని తిరిగి పాడమన్నారు. తర్వాత ఇద్దరిని నిలబెట్టి, ఒకరు ఒక స్వరం మీద నిలబడితే ఇంకొకరు ఇంకో స్వరం మీద నిలబడాలి, పక్కవాళ్ల వైపు జారిపోకూడదు. పాటలో రెండు గొంతులు వేరువేరుగా నడవాలంటే ఇదే ముఖ్యం అన్నారు. మంచి గొంతులున్న ఇద్దరు అమ్మాయిలు అక్కడే తడబడ్డారు. నేను నిలబడ్డాను. మామ్మ పక్కన కూర్చుని పాడి పాడి నాకు అది అలవాటే. ఆవిడ గొంతు ఒక దారిలో వెళ్తుంటే నేను కింద ఇంకో దారిలో వెళ్లేదాన్ని, దానికొక పేరు ఉంటుందని తెలియకుండానే.

చివర్లో "నీకు బాగా వచ్చిన పాట పాడమ్మా" అన్నారు. అందరూ కొత్త పాటలు, క్యాసెట్లలో వచ్చినవి పాడారు. నేను ఆ సిలువ కీర్తన అందుకున్నాను.

"ఏ శృతి?" అని అడిగారు మాస్టారు. నాకు అర్థం కాలేదు. మా ఊళ్లో పాటకి శృతి ఎవరూ అడగరు, మామ్మ ఎక్కడ ఎత్తితే అక్కడే. ఆయన నన్ను పల్లవిలో మొదటి ముక్క పాడమని, హార్మోనియం మీద వెతికి, "ఐదున్నర" అని కీబోర్డు అబ్బాయికి చెప్పారు. అంటే ఐదో తెల్ల మెట్టుకీ ఆరో తెల్ల మెట్టుకీ మధ్యనున్న నల్ల మెట్టు. ఆ అబ్బాయి శృతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి, రిథమ్ వేశాడు. నేను పాడాను. తాళం రెండో చుట్టుకే పాట ఒక పక్కకీ రిథమ్ ఒక పక్కకీ వెళ్లిపోయాయి. మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి మూడు లెక్కల రిథమ్ వేశాడు. ఇంకా ఘోరం. పాపం ఆ అబ్బాయి తప్పు లేదు, నాదీ లేదు. ఆ కీబోర్డులో వచ్చే రిథమ్‌లు నాలుగు లెక్కకో, మూడో ఆరో లెక్కకో ఉండేవి. మా కీర్తనది చాపు తాళం, దాని లెక్క ఏడు. తకిట తకధిమి, మూడూ నాలుగూ. నాలుగు లెక్క రెండు సార్లు తిరిగేసరికి ఎనిమిది అవుతుంది, నేను ఏడుకే పల్లవి మొదటికి వచ్చేస్తాను. తిరిగిన ప్రతిసారీ ఒక్క అక్షరం ఎడం పెరుగుతూ పోతుంది. ఇదంతా తర్వాత తెలిసింది. ఆ నిమిషంలో నాకు తెలిసింది ఒక్కటే, అందరూ నన్నే చూస్తున్నారు.

మాస్టారు చెయ్యెత్తి రిథమ్ ఆపించారు. "మిషను వద్దు. నువ్వే తాళం వేసుకుంటూ పాడు."

అప్పుడు బయటపడింది అసలు సంగతి. నాకు తాళం వేస్తూ పాడటం రాదు. ఇన్నేళ్లూ మామ్మ వేసింది, నేను పాడాను. చెయ్యి వేస్తే మాట ఆగిపోయింది, మాట వస్తే చెయ్యి ఆగిపోయింది. చేతులు కట్టుకుని పాడేశాను. కళ్లు మూసుకుని, అరుగునీ కొబ్బరి చిప్పనీ తలుచుకుంటూ మూడు చరణాలూ పాడాను. పాట అయ్యాక మాస్టారు హార్మోనియం మెట్టు నొక్కి చూసి, "ఐదున్నరలో ఎత్తుకున్నావు, ఐదులో దిగావు" అన్నారు. కోపంగా కాదు, ఉత్తరం మీద అడ్రసు చదివినట్టు మామూలుగా. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఎవరు నేర్పారమ్మా ఇది?"

"మా మామ్మండి."

"వచ్చే శనివారం ఆవిడ్ని తీసుకురాగలవా?"

స్కూల్లో తప్పు చేస్తే ఇంట్లో పెద్దవాళ్లని తీసుకురమ్మంటారు కదా, నాకు అదే గుర్తొచ్చింది. తిరుగు పంటులో గోదావరి వైపు చూస్తూ నిలబడి ఏడుపు ఆపుకున్నాను. చీకటిపడ్డాక ఇంటికొచ్చి చెబితే మామ్మ కూడా అలాగే భయపడింది. "నన్నెందుకే? నేనేటి తప్పు చేశాను?" అంది. ఆ వారమంతా ఆ మాట మళ్లీ ఎత్తలేదు. కానీ శుక్రవారం రాత్రి పెట్టెలోంచి పండగ చీర తీసి తలగడ కింద మడతపెట్టుకుంది.

మామ్మ నరసాపురం వెళ్లి నాలుగేళ్లయిందట. పంటు మీద రెయిలింగు గట్టిగా పట్టుకుని నిలబడింది. ఒడ్డు దగ్గరయ్యేకొద్దీ "ఏం అడుగుతారే?" అని మూడుసార్లు అడిగింది. చర్చిలోకి వెళ్లగానే మాస్టారు లేచి నిలబడి "వందనాలమ్మా" అన్నారు. "వందనాలు బాబూ" అని, కుర్చీ వేసినా కూర్చోకుండా చాప మీదే కూర్చుంది. పాడమంటే కొంగు తల మీదికి లాక్కుని నేల చూసింది. ఇంకోసారి అడిగారు. నోరు విప్పలేదు. సంచిలోంచి లేసు తీసి అల్లడం మొదలుపెట్టింది. నాకు కాళ్లు వణికాయి.

మాస్టారు ఇక అడగలేదు. మమ్మల్నందరినీ వరుసల్లో నిలబెట్టి క్రిస్మస్ పాట ప్రాక్టీసు చేయించారు. అరగంట గడిచింది. మధ్యలో మంచినీళ్లు తాగడానికి ఆపినప్పుడు ఆయన హార్మోనియం ముందు కూర్చుని, తనలో తాను పాడుకుంటున్నట్టు ఆ సిలువ కీర్తన ఎత్తుకున్నారు. అనుపల్లవి దగ్గర పైకి వెళ్లాల్సిన చోట కిందికి దిగారు. కావాలనే తప్పు పాడారో, నరసాపురంలో ఆ వరస అలాగే ఉండేదో నేను ఆయన్ని ఎప్పుడూ అడగలేదు.

"అక్కడ అలాగ కాదు బాబూ" అంది మామ్మ.

అని, సూది కొప్పులో గుచ్చింది.

నేను పక్కన చేరలేదు. అలవాటు ప్రకారం కాళ్లు అటే వెళ్లబోయాయి గానీ, ఆవిడ ఒక్కతే పాడుతుంటే దూరం నుంచి వినాలనిపించింది. అంతవరకూ మామ్మ పాటని నేను ఎప్పుడూ దూరం నుంచి వినలేదు. మోకాలి మీద ఒకటి, ఆగి రెండు. గొంతులో వయసు జీర ఉంది, పై స్థాయిలో కాస్త పగిలింది కూడా. అయినా ఎక్కడా తొందర లేదు. మాస్టారు హార్మోనియం మీద నుంచి చేతులు తీసేసి, టేప్ రికార్డర్‌లో ఎర్ర బటన్, దాని పక్క బటన్ కలిపి నొక్కారు. మంచినీళ్లకి వెళ్లిన పిల్లలు గ్లాసులతో గుమ్మంలోనే ఆగిపోయారు. కీబోర్డు అబ్బాయి ఆవిడ చేతినే చూస్తున్నాడు. మూడో చరణానికల్లా అతని పాదం నేల మీద అదే లెక్క వేస్తోంది. మామ్మ మొత్తం ఎనిమిది చరణాలూ పాడింది. నాకు వచ్చినవి మూడే అని ఆ రోజే తెలిసింది.

ఆఖరి పల్లవి ఆగగానే మాస్టారు హార్మోనియం మీద ఆరో శృతి మెట్టు నొక్కారు. మామ్మ మొదట్లో ఎత్తుకున్న శృతి అది. గాలిలో ఇంకా ఉన్న ఆవిడ గొంతూ, ఆ మెట్టూ కలిసిపోయాయి. వెంట్రుకవాసి తేడా లేదు. తుఫానులో హార్మోనియం పోయిన మూడేళ్లకి, ఏ తోడూ లేకుండా, ఎనిమిది చరణాల తర్వాత. మాస్టారు నా వైపు చూశారు. ఆయనేమీ అనలేదు, అనాల్సిన అవసరమూ లేకపోయింది.

నన్ను ఆల్టో వరసలో, అంటే ఆడవాళ్లలో కింది గొంతు పాడేవాళ్లతో, తీసుకున్నారు. తాళం వేస్తూ పాడటం నేర్చుకోవడానికి నాకు నెల పట్టింది. నేర్పింది మామ్మే, కాకపోతే ఈసారి తన చేతులు ఒళ్లో కట్టేసుకుని, నా చేతినే చూస్తూ. తప్పిన చోటల్లా కనుబొమ్మలు పైకి లేచేవి. కాలేజీకి వెళ్తూ పంటు మీద, సఖినేటిపల్లి రేవు నుంచి అవతలి ఒడ్డు దాకా, పుస్తకాల సంచి మీద వేళ్లతో వేసుకునేదాన్ని. పక్కన నిలబడ్డవాళ్లు ఏమనుకునేవారో తెలియదు, ఎవరూ వద్దనలేదు.

ఇప్పుడు కాకినాడలో మా చర్చి వర్షిప్ టీమ్‌కి కొత్త పిల్లల్ని ఎంపిక చేసేటప్పుడు నేనూ కూర్చుంటున్నాను. పిల్లలు ఫోన్‌లో ట్రాక్ తెచ్చుకుంటారు, స్కేల్ ముందే చెప్పేస్తారు, చాలా బాగా పాడతారు. ఏడు లెక్క కావాలంటే ఫోన్‌లోనే పెట్టుకోవచ్చు ఇప్పుడు. నాకు సంతోషమే. అయినా టెస్టు చివర్లో ఒక్క ప్రశ్న మాత్రం అడుగుతాను, "మీ ఇంట్లో పెద్దవాళ్లు పాడే పాట ఏదైనా వచ్చా?" అని. వచ్చు అన్న పిల్లలు తక్కువే. కానీ వచ్చు అన్నప్పుడు ట్రాక్ ఆపించి, చాప మీద కూర్చోబెట్టి, నేనూ కింద కూర్చుని వింటాను. కిందటి ఏడాది ఒక అబ్బాయి వాళ్ల తాతగారి పాట పాడాడు. రెండు చోట్ల వరస నాకు తెలిసినట్టు లేదు. ఏదీ సరిచేయకుండా రాసుకున్నాను.

మామ్మ 2008లో వెళ్లిపోయింది. మాస్టారు ఆ కాసెట్‌కి ఒక కాపీ నాకు ఇచ్చారు, దాన్ని మా తమ్ముడు కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. అందులో "అక్కడ అలాగ కాదు బాబూ" అన్న మాట పడలేదు. పాట మధ్యలో బయట రిక్షా బెల్లు, ఒక కాకి. ఐదో చరణం దగ్గర ఎవరిదో గ్లాసు కింద పడిన చప్పుడు. ఆ గ్లాసు నాదే.

ఆ కీర్తనని క్వయిర్‌లో మేం మొదటిసారి పాడింది 2000 ఏప్రిల్ 21న, గుడ్ ఫ్రైడే నాడు. పన్నెండు నుంచి మూడు దాకా, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ధ్యానం. కీబోర్డు మీద ఎర్ర గుడ్డ అలాగే కప్పి ఉంచి, హార్మోనియం శృతి మాత్రం పట్టి, చేతులతో తాళం వేస్తూ ముప్ఫైమందిమి పాడాం. చెమటకి నా చీర వీపుకి అంటుకుపోయింది. మామ్మ రాలేదు. "మన చర్చిలో ఎవరు ఎత్తుతారే?" అని ఊళ్లోనే ఉండిపోయింది. అదే ఎండలో, గోదావరికి అవతల, ఇంచుమించు అదే సమయానికి ఆవిడ కూడా అదే కీర్తన పాడింది.

సాయంత్రం పంటు దిగి ఇంటికి వెళ్లేసరికి మామ్మ అరుగు మీద ఉంది. ఎలా పాడారని అడగలేదు.

"రెండో దెబ్బ కాడ తొందరపడ్డారా?" అంది.

"పడ్డాం మామ్మా."

"పడతారు" అని, లైటు కిందికి జరిగి, కొప్పులోంచి సూది తీసుకుంది.